అడవుల తిరిగే నౌకరి ఆడపిల్లకెందుకు?

ఆవరణశాస్త్రంలోనో పరిణామ జీవశాస్త్రంలోనో పరిశోధన చేస్తానని ఆడపిల్ల అంటే మా చొప్పదండిలో వచ్చే జవాబు ఒకటే. "అడవుల పొంటి తిరిగే నౌకరి నీకెందుకు బిడ్డా? బీఎడ్ చెయ్యి." ఈ మాట అమ్మలు అంటే నాకు కోపం రాదు. వాళ్ళు చూసిన లోకం వాళ్ళ చేత ఆ మాట అనిపిస్తుంది. ఇదే మాటని ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్న పెద్ద చదువులవాళ్ళు నాజూగ్గా అడిగినప్పుడు మాత్రం కోపం వస్తుంది. "ఫీల్డువర్క్ కదమ్మా, మేనేజ్ చెయ్యగలరా? పెళ్ళయిందా?" ఎమ్మెస్సీ జువాలజీ చదివాక ప్రాజెక్టు ఫెలో ఉద్యోగాల కోసం మూడు చోట్లకి వెళ్ళాను. మూడు చోట్లా ఈ ప్రశ్న విన్నాను. నాతోపాటు బయట బెంచీ మీద కూర్చున్న అబ్బాయిల్ని ఎవరూ పెళ్ళి సంగతి అడగలేదు.

అడవి ఆడవాళ్ళకి కొత్తా? గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు వెళితే, ఎండాకాలంలో పొద్దు పొడవకముందే తునికాకు తెంపడానికి వెళ్ళేదెవరు? యాభై ఆకులకో కట్ట కట్టి కల్లంలో అప్పజెప్పేదెవరు? ఇప్పపువ్వు ఏరేది, గడ్డలు తవ్వేది, కట్టెలు మోసేది ఎవరు? గోండు, కోలాం, నాయకపోడు స్త్రీలని అడవిలో మేనేజ్ చెయ్యగలరా అని ఏ బోర్డూ అడగదు. కూలికి వెళ్ళినప్పుడు భద్రంగా ఉన్న అడవి జీతానికి వెళతానంటే ప్రమాదంగా మారిపోతుంది! భయం పులి గురించి కాదన్నమాట.

అటవీశాఖ సంగతి చూడండి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసులోకి 1980లోనే స్త్రీలు అడుగుపెట్టారు. రాష్ట్ర ఉద్యోగాల్లో మూడోవంతు రిజర్వేషన్ ఉండబట్టి ఈరోజు మన అడవుల్లో బీట్ ఆఫీసర్లుగా అమ్మాయిలు తిరుగుతున్నారు. యూనిఫాం వేసుకుని కలప దొంగల్ని ఆపగలిగిన అమ్మాయి నోట్‌బుక్ పట్టుకుని పిట్టల్ని లెక్కపెట్టలేదా? తేడా అమ్మాయిలో లేదు. అక్కడ పోస్టుంది, రూలుంది. పరిశోధనలో పోస్టూ లేదు, రూలూ లేదు, పెద్దసారు ఇష్టం ఒక్కటే ఉంది.

మన ప్రాంతంలో ఈ శాస్త్రపు చరిత్ర ఒకసారి తిరగేద్దాం. 1931లో సలీం అలీ నిజాం రాజ్యంలోని పక్షుల సర్వే మొదలుపెట్టాడు. ఆ క్యాంపుల్లో ఆయన వెంట భార్య తెహ్మీనా ఉంది. మనకి గుర్తున్నది ఆయన పేరే. ఆదిలాబాద్ గోండు గూడేల్లో పనిచేసిన హైమన్‌డార్ఫ్‌ది మానవశాస్త్రమే అయినా కథ ఇదే. ఆయన వెంట తిరిగిన బెట్టీ ఎలిజబెత్ సమాధి మార్లవాయిలో ఉంది. ఆమెని మనం తలచుకునేది 'హైమన్‌డార్ఫ్ భార్య' అనే.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది హెలెన్ స్పర్‌వే కథ. ఆమె పరిణామ జీవశాస్త్రవేత్త. గప్పీ చేపల మీద, జంతువులు మనిషికి మచ్చికయిన తీరు మీద సొంతంగా పరిశోధన చేసింది. 1957లో భర్త జె.బి.ఎస్. హాల్డేన్‌తో కలిసి ఇండియాకి వచ్చింది. 1964లో ఆయన పోయాక హైదరాబాదుకి వచ్చి, 1978లో ఇక్కడే కన్నుమూసింది. హాల్డేన్ పేరు జీవశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. ఆమె పేరు నాకు ఐదేళ్ళ జువాలజీ చదువులో ఒక్క క్లాసులో కూడా వినపడలేదు.

ఫీల్డుకి వెళ్ళడానికి భర్త పాస్‌పోర్టు లాంటివాడు అని ఈ కథలు చెబుతున్నాయి. పెళ్ళే చేసుకోకుండా వెళ్ళినవాళ్ళు లేరా? ఉన్నారు. 1897లో తలశ్శేరిలో పుట్టిన ఇ.కె. జానకి అమ్మాళ్ 1931లో మిషిగన్‌లో డాక్టరేట్ తీసుకుంది, కోయంబత్తూరులో చెరకు మీద పనిచేసింది, 1945లో డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల గ్రంథం రాసింది. ఆమెని చూపించి "ఆవిడ చెయ్యలేదా?" అంటారు. నూరేళ్ళకి ఒక జానకి అమ్మాళ్ పుట్టాలన్నది ఉద్యోగ విధానం అవుతుందా? మామూలు తెలివి, మామూలు ఓపిక ఉన్న మగవాడికి ఉద్యోగం దొరుకుతోంది కదా. మామూలు ఆడదానికీ దొరకాలని అడగడమే సమానత్వం.

ఉద్యోగాల లెక్కకి వద్దాం. మన విశ్వవిద్యాలయాల్లో ఆవరణశాస్త్రం, పరిణామశాస్త్రం అంటే జువాలజీలోనో బోటనీలోనో ఒక పేపరు. ఆ పేరుతో పెద్ద సంస్థలు కావాలంటే 1982లో వచ్చిన డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థకో, 1983లో బెంగళూరు ఐఐఎస్సీలో మొదలైన ఆవరణశాస్త్ర కేంద్రానికో పోవాలి. హైదరాబాదులో సీసీఎంబీ వాళ్ళ లాకోన్స్ ఉంది. ఈ గడపలు తొక్కాలంటే ముందు అనుభవం చూపించాలి. అనుభవం అంటే జీతం లేకుండానో, తిండి ఖర్చులకి మాత్రమే సరిపోయే డబ్బుతోనో ఆరునెలలు ఏదో క్యాంపులో పనిచెయ్యడం. బైనాక్యులర్ కొనుక్కోవాలి, ఇంగ్లీషులో ఉత్తరాలు రాయాలి, పెద్దవాళ్ళ సిఫారసు సంపాదించాలి. బీడీలు చుట్టి బిడ్డని చదివించిన తల్లి ఆరునెలల ఉచిత చాకిరీని ఎక్కడి నుంచి భరిస్తుంది? ఈ వడపోతలో మొదట రాలిపోయేది దళిత, బీసీ, ముస్లిం, ఆదివాసీ ఆడపిల్లలే. చివర్లో మిగిలినవాళ్ళని చూసి "వీళ్ళకే ఆసక్తి ఉంది" అంటారు. ఆసక్తిని కూడా ఆస్తిలాగే వారసత్వంగా పంచుతున్నారు!

ఇంటి దగ్గర్లో ఏమన్నా ఉందా? కరీంనగర్‌లో 2008లో శాతవాహన విశ్వవిద్యాలయం వచ్చింది. వచ్చినందుకు సంతోషించాం. కానీ రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలన్నిటా రెగ్యులర్ నియామకాలు ఏళ్ళకేళ్ళు ఆగాయి. 2022లో శాసనసభ ఉమ్మడి నియామక బోర్డు బిల్లు పాస్ చేస్తే అది గవర్నరు దగ్గర ఆగింది. బిల్లులు ఆగినా క్లాసులు ఆగవు కదా. వాటిని మోసేది కాంట్రాక్టు, పార్ట్‌టైం, గెస్ట్ లెక్చరర్లు. నేనూ అందులో ఒకదాన్ని. చెప్పిన గంటకే డబ్బులు, సెలవుల్లో పస్తులు. పరిశోధన చెయ్యడానికి గదీ లేదు, గ్రాంటూ లేదు. మా చుట్టూ గ్రానైట్ క్వారీలు ఒక్కో గుట్టనీ కోసుకుపోతున్నాయి. ఆ గుట్ట మీద ఏమేం బతికేవో రాసిపెట్టే జీతగాడు గానీ జీతగత్తె గానీ నా ఎరుకలో ఒక్కరూ లేరు.

"స్త్రీలకి సౌకర్యాలు ఇచ్చాం కదా" అంటుంది ప్రభుత్వం. ఇచ్చినవి చూద్దాం. 2016 యూజీసీ నిబంధనలు పీహెచ్‌డీ చేసే స్త్రీలకి రెండేళ్ళు అదనపు గడువు, 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇచ్చాయి. 2022 నిబంధనలూ వాటిని కొనసాగించాయి. మంచిదే. అయితే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ కాలం మొత్తం ఐదేళ్ళే. అదనపు రెండేళ్ళకి గడువుంది గానీ కూడు లేదు. 2023 నుంచి జేఆర్ఎఫ్ నెలకి 37,000 రూపాయలు. కాగితం మీది అంకె అది. చేతికి ఏ నెలది ఏ నెలకి వస్తుందన్నది వేరే సంగతి. ఫెలోషిప్ ఆగితే ఏమవుతుందో మనకి తెలియంది కాదు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చనిపోయిన రోహిత్ వేముల, తనకి ఏడు నెలల ఫెలోషిప్ రావాలని చివరి ఉత్తరంలో రాశాడు. సైన్సు రచయిత కావాలనుకున్న ఆ బిడ్డని కుట్టుపని చేసి పెంచిన తల్లి రాధిక శ్రమ ఏ గ్రాంటు లెక్కల్లో ఉంది?

ఇంకొకటుంది. కెరీర్‌లో 'విరామం' వచ్చిన స్త్రీల కోసం కేంద్ర సైన్సు శాఖ 2002-03లో మహిళా శాస్త్రవేత్తల పథకం తెచ్చింది. దాంతో మళ్ళీ ల్యాబు గడప తొక్కిన స్త్రీలు ఉన్నారు, కాదనను. ఆ మాటనే గమనించండి, విరామం! పిల్లల్ని కనడం, మామగారి పక్షవాతానికి సేవ చెయ్యడం, నాలుగింటికి లేచి నీళ్ళు పట్టడం విరామమట. ఆ సమయంలో సెమినార్లకి తిరిగిన భర్తది సర్వీసట. పథకం ఇచ్చింది మూడేళ్ళ ప్రాజెక్టు. నాలుగో ఏడు ఆమెకి మళ్ళీ విరామమే.

ఇక ఎవరూ పైకి మాట్లాడని విషయం. ఫీల్డులో పనిచేసే 666 మంది పరిశోధకులని అడిగి 2014లో అమెరికా శాస్త్రవేత్తలు ఒక సర్వే ప్రచురించారు. 64 శాతం మంది తాము లైంగిక వేధింపులు ఎదుర్కొన్నామన్నారు. స్త్రీలని వేధించినవాళ్ళు ఎక్కువగా వాళ్ళ పై అధికారులే. ఊరివాళ్ళూ కాదు, అడవి మృగాలూ కాదు. సిఫారసు ఉత్తరం రాయాల్సిన చెయ్యే మీద పడితే విద్యార్థిని ఎవరికి చెప్పుకోవాలి? మన 2013 చట్టం ఉద్యోగరీత్యా వెళ్ళిన ప్రతి చోటునీ, ఆ ప్రయాణాన్నీ పనిస్థలమనే అంటుంది. అంటే అడవి క్యాంపూ పనిస్థలమే, జీపూ పనిస్థలమే. ఈ ముక్క ఎన్ని ఫీల్డు క్యాంపుల గోడల మీద రాసి ఉంది?

ఇదంతా స్త్రీల కష్టసుఖాల గొడవ, శాస్త్రానికేం సంబంధం అనేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ కోసం ఒక ఉదాహరణ. 1948లో బేట్‌మన్ ఈగల మీద ప్రయోగం చేసి, మగది ఆత్రపడుతుంది, ఆడది బిడియపడుతుంది అన్న సూత్రానికి రుజువు చూపించాడు. దశాబ్దాల పాటు అదే పాఠం. 1970లలో సారా హర్డీ అనే స్త్రీ మన దేశానికే వచ్చి మౌంట్ అబూలో కొండముచ్చుల వెంట తిరిగింది. మా ఊళ్ళల్లో కోతుల్ని తరమడానికి తెచ్చి కట్టేసే కొండముచ్చులే. కొత్తగా గుంపుని పట్టిన మగది పిల్లల్ని చంపుతుందని, ఆడవి ఒకటికన్నా ఎక్కువ మగవాటితో కలవడం పిల్లల్ని కాపాడుకునే ఎత్తుగడ కావచ్చని ఆమె వాదించింది. 2012లో ప్యాట్రీషియా గోవాటీ బృందం బేట్‌మన్ ప్రయోగాన్ని మళ్ళీ చేసి అందులోని లోపాలని బయటపెట్టింది. అన్నేళ్ళుగా కళ్ళ ముందున్న ఆడజంతువు బిడియస్తురాలిగానే ఎందుకు కనపడింది? చూసే కళ్ళు ఎక్కువగా ఒకే ఇంటివి కాబట్టి. ఉద్యోగాల్లోంచి మనల్ని బయట పెడితే నష్టపోయేది మనం మాత్రమే కాదు. శాస్త్రం ఒంటికన్నుతో మిగిలిపోతుంది.

అందుకని మనం దయ అడగొద్దు. ఖాళీ పోస్టుల్ని రెగ్యులర్‌గా నింపమని, వాటిలో ఆవరణ, పరిణామ శాస్త్రాలకి పేరుపెట్టి పోస్టులు చూపించమని అడుగుదాం. ఫెలోషిప్ ప్రతినెలా ఒకటో తారీఖున రావాలి. గడువు పెంచితే డబ్బూ పెంచాలి. జీతం లేని ఇంటర్న్‌షిప్ వెట్టిచాకిరీ. దాన్ని అర్హతగా లెక్కించడం మానాలి. ప్రతి ఫీల్డు క్యాంపులో మరుగుదొడ్డి, తలుపుకి గడియ, ఫిర్యాదు కమిటీ ఫోన్ నంబరు ఉండాలి. పెళ్ళి గురించి అడిగిన బోర్డుని రాతపూర్వకంగా జవాబు అడగాలి. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్‌లో, చెట్టు పేరూ పిట్ట పేరూ చెప్పి పరిశోధకుడికి దారి చూపించే ఆదివాసీ స్త్రీ పేరు కూలీల మస్టర్‌లో కాదు, పరిశోధనా పత్రం మీద పడాలి.

పెద్ద కోరికలేమీ కావివి. పనికి జీతం, జీతానికి భద్రత, చేసిన పనికి పేరు. మగవాళ్ళకి వీటిని ఇచ్చినప్పుడు ఎవరూ సౌకర్యాలు అనలేదు, ఉద్యోగం అన్నారు.