పరీక్షల పరమార్థము

పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ నున్న శ్రీహరికోటనుండి 1979 ఆగస్టు 10వ తేదీన మన దేశపు తొలి ఉపగ్రహవాహక నౌక ఎస్‌.ఎల్‌.వి.-3 యెగసి, కక్ష్యను చేరకయే సముద్రమున గూలెను. శాస్త్రజ్ఞులు చింతించిరి, కాని ‘తప్పినది’ యని వ్రాసి పుస్తకమును మూసివేయలేదు. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలోని కవాటము చెడి ఆమ్లము కారిపోవుటయే హేతువని కనుగొని, దానిని సవరించిరి. 1980 జూలై 18న అదే తరగతి నౌక రోహిణిని కక్ష్యలో నిలిపెను.

పరీక్ష యనగా నిది. లోపమెచ్చట నున్నదో చూపవలెను. తీర్చుటకు దారి తెలుపవలెను. మన బడులలోని పరీక్షలీ పని చేయుచున్నవా?

2022లో ఆంధ్రప్రదేశమున పదవతరగతి పరీక్షలో నెగ్గినవారు నూటికి 67 మంది. వారు తొమ్మిదవ తరగతి చదువవలసిన కాలమున మహమ్మారివలన బడులు మూతబడి యుండెను. ఆ లోపము కాలమునది. తీర్పు మాత్రము బాలునిపై వ్రాయబడెను. ఏ పాఠమేల రాలేదో మార్కుల కాగితము చెప్పదు.

ఈ పద్ధతి నిన్నటిది కాదు. 1857లో స్థాపితమైన మదరాసు విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్ష సర్కారు కొలువులకు ద్వారమయ్యెను. అదే శతాబ్దమున నెగ్గిన పిల్లల లెక్కనుబట్టి పాఠశాలలకు గ్రాంటు లిచ్చు నేర్పాటును వచ్చెను. ఉపాధ్యాయుని జీవనము ఫలితములపై నాధారపడగా, బోధన వల్లెవేతగా మారెను. ఏర్పాటు పోయినది, బుద్ధి పోలేదు.

2009 విద్యాహక్కు చట్టము నిరంతర, సమగ్ర మూల్యాంకనమును విధించి, ఎనిమిదవ తరగతివఱకు పిల్లలను నిలిపివేయరాదనెను. అందుచే చదువురానివారును పైతరగతులకు పోవుచున్నారని పెద్దలు కొందఱు మొఱపెట్టిరి. ఆ మొఱ యసత్యము కాదు. రెండవ తరగతి పాఠము చదువలేని అయిదవ తరగతి పిల్లలు దేశమున పెక్కురు గలరని 2005నుండి జరుగుచున్న ‘అసర్’ సర్వేలు చూపుచునే యున్నవి. 2019 సవరణ అయిదు, ఎనిమిది తరగతులకు పరీక్షలను తెచ్చెను. తప్పినవానికి అదనపు బోధన చేసి రెండు నెలలలో మరల పరీక్షింపవలెననియు, అప్పటికిని తప్పినచో నిలుపుట ప్రభుత్వముల యిష్టమనియు విధించెను. మా యభిప్రాయమున నిందు సారమైనది ఆ రెండు నెలల బోధనయే. అది లేని పరీక్ష శిక్షయగును. పరీక్ష లేని బోధన చీకటిలో నడక యగును.

కొలువులకు మనుష్యుల నేఱుట వేఱు, బాలుని నేర్పు నెఱుగుట వేఱు. ఒకే కొలబద్దతో రెండును కొలువజూచుటయే మన పొరపాటు. 1937లో వార్ధా విద్యాసభ చేతిపనికి చదువులో పీట వేసినది. మన ప్రశ్నపత్రము వేయలేదు. శ్రీహరికోట ఆదివాసులై, రాకెట్టు కేంద్రముకొఱకు తావు విడిచిన యానాదుల బిడ్డకు చేపల జాడయు, మూలికల గుణమును తెలిసిన, దానికి మార్కు లేదు.

చట్టము పాఠశాల యాజమాన్య సంఘములలో తల్లిదండ్రులకు మూడు పాళ్లు స్థాన మిచ్చినది. మా పాఠకులందు కూర్చుండి, ‘ఎందఱు నెగ్గిరి?’ అని మాత్రమే యడుగక, ‘తప్పినవారి కేది రాలేదు? దానికేమి చేసితిరి?’ అని యడుగవలెను. దిద్దిన జవాబుపత్రము బాలుని చేతికి మరల రావలెను. కూలిన నౌకకు జూపిన యోర్పు మన బిడ్డలకు జూపలేమా?