మూసిన తీరము

ప్రకృతిశోభను చూడబోవువారిని అడ్డగించుట అన్యాయమని కొందరందురు. నాకట్లు తోచదు.

థాయిలాండు దేశమున ఫీఫీ లే దీవియందు మాయా బే అను చిన్న అఖాతము కలదు, అది జాతీయోద్యానములోనిది. ఒక చలనచిత్రమువలన ప్రసిద్ధికెక్కగా, దినమునకు 5,000 మంది వరకు వచ్చుచుండిరి. పడవల లంగరులు తగిలి పగడపుదిబ్బలు మిక్కిలి పాడయ్యెను. 2018 జూనులో ప్రభుత్వమువారు దానిని మూసివేసిరి. పడవవారి జీవనమునకు నష్టము కలిగినమాట నిజమే. కాని పగడములే నశించినచో వారికి జీవనమెక్కడిది? మూసినపిమ్మట సొరచేపలు మరలివచ్చెను. 2022 జనవరిలో తెరచినను, పడవలు అఖాతములోనికి రారాదు, జనులు ఈదరాదు. ఏటేట ఆగస్టు, సెప్టెంబరు మాసములలో మూసియుంచుచున్నారు.

విద్యార్థులారా, మన బడితోటలో లేతమొక్కకు కంచె కట్టుట మీపై కోపముచేత కాదుగదా! ఆ నిబంధనయు అట్టిదే.