ఒక మాటకు రెండు బహువచనములా?

"స్టూడెంట్స్‌లకు విజ్ఞప్తి." కరీంనగరమునను ఆదిలాబాదునను గోడలపై ఇట్టి వ్రాతలు చూచి చూచి మాకు రోత పుట్టినది. ఆంగ్లపు 'స్' చాలక దానిపై తెలుగు 'లు' ఎక్కించుటయా? బస్సులో ఒక్క స్త్రీ నిలుచున్నను "లేడీస్ ఉన్నది" అందురు. ఒక్కతెకు ఒక బహువచనము, పలువురకు రెండు!

ఆంగ్లపదములు వలదని మా వాదము కాదు. రైలును ధూమశకట మనుడని ఎవ్వరిని నిర్బంధింపము. వచ్చిన మాట మన యింటి కట్టుబాటున నుండవలెను, అంతియే. 1929లో కాజీపేట–బల్హార్షా మార్గము పూర్తియై పెద్దపల్లి, రామగుండము, మంచిర్యాల మీదుగా బండ్లు నడచెను. అక్షరమెఱుగని పల్లీయుడు ఆ మాటను అజంతముగ రైలు అని పలికెను. వేలు వేళ్లయినట్లు రైలును రైళ్లు చేసెను. రైళ్లకు, రైళ్లలో అని విభక్తులు చేర్చెను. ఏ పండితుడు వానికి సూత్రము చెప్పెను? బడిలోని 'సర్' సైతము వాని నోట సారయ్యెను, సార్లయ్యెను.

నిజాము కాలమును తలపోయుడు. ఉర్దూ రాజభాష. 1921లో హైదరాబాదున సంఘసంస్కార సభలో తెలుగున మాటాడ లేచిన ఆలంపల్లి వేంకటరామారావు గారిని గేలిచేసి కూర్చుండబెట్టిరి. అట్టి దినములందును మన రైతు జిల్లాలనెనే గాని ఉర్దూ వ్యాకరణము ననుసరించి అజ్లా అనలేదు. దస్తావేజులనెను గాని దస్తావేజాత్ అనలేదు. ఏ ఫర్మానాయు చేయలేని పనిని నేడు మన చేతులార మనమే చేసికొనుచున్నాము!

పరభాషాపదమునకు పరభాషావ్యాకరణమే మర్యాదయని కొందఱు విద్యాధికులందురు. ఆంగ్లేయులు మన పందికొక్కును గొనిపోయి బాండికూట్ అనిరి. పెక్కింటిని బాండికూట్స్ అనిరి. మన 'లు'ను ఓడ యెక్కించుకొని పోలేదు. వారికి లేని బిడియము మనకేల?

నష్టపడువారు బాలురు. 2018లో తెలంగాణ ప్రభుత్వము బడులలో తెలుగును తప్పనిసరి చేయుచు చట్టము చేసెను. 2022–23 నుండి సర్కారు బడులలో ఆంగ్లమాధ్యమము మొదలిడెను. ఒకే బాలుడు రెండు వ్యాకరణములు నేర్వవలెను. 'స్' వట్టి అలంకారమని గోడలు నేర్పగా, వాడు ఆంగ్లమున ఫర్నిచర్స్, ఇన్‌ఫర్మేషన్స్ అని వ్రాసిన తప్పెవ్వరిది? ఆ నామములకు ఆంగ్లమున బహువచనమే లేదనియు, న్యూస్ కడపట 'స్' ఉన్నను ఏకవచనమే యనియు వానికెవ్వరు చెప్పుదురు?

గ్రంథాలయములలో ఈ పత్రిక చదువు మిత్రులు తమ సంఘముల కరపత్రములను అచ్చునకు పంపుటకు ముందు ఆ 'స్'ను కొట్టివేసి పంపుడు. స్టూడెంట్లనుడు, టీచర్లనుడు. విద్యార్థులనిన మాకు మఱియు సంతోషము.