మసీదు తలుపు మూసినప్పుడు జమాఅత్ ఎక్కడుంది? లూథరన్ సంఘాల అనుభవం మనకు చెప్పేదేంటి

2021 జూన్ 20 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశారు. వెల్గటూర్, ధర్మపురి, జగిత్యాల బజార్లు మళ్లీ పొద్దంతా నడిచాయి. మసీదుల్లో సఫ్‌లు నిండాయి, అల్‌హమ్దులిల్లాహ్. 2020లో రంజాన్ మొత్తం ఇంట్లోనే గడిచింది. 2021 ఏప్రిల్ 20 నుంచి రాత్రి 9 గంటలకే కర్ఫ్యూ పెట్టడంతో తరావీహ్ తొందర తొందరగా ముగించుకున్నాం. మే 12న లాక్‌డౌన్, మే 14న ఈద్. వరుసగా రెండేళ్లు ఈద్గా కళ తప్పింది.

అప్పట్లో మూడో వేవ్ వస్తుందని కొందరు, రాదని కొందరు అన్నారు. మళ్లీ అట్లాంటిది వస్తే ఏం చేయాలన్నది ప్రభుత్వం చూసుకుంటుంది. కానీ మనల్ని మనం అడుగుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. మసీదు తలుపు మూసినప్పుడు మన జమాఅత్ ఎక్కడుంది? గోడలతో పాటు అది కూడా మూతపడిందా, లేక ఇంటింటికీ పోయి బతికిందా?

ఇదే ప్రశ్న క్రైస్తవ సంఘాలకూ ఎదురైంది. వాళ్లలో లూథరన్లు ఈ విషయంలో ప్రత్యేకంగా చూడాల్సినోళ్లు. మన ఉమ్మడి కరీంనగర్‌లో చర్చి అంటే ఎక్కువగా సి.ఎస్.ఐ. చర్చే. లూథరన్ల బలమంతా గుంటూరు, గోదావరి జిల్లాల వైపు ఉంది. గుంటూరు కేంద్రంగా పనిచేసే ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి 1927లో ఏర్పడింది. దాని మూలం ఇంకా పాతది. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ అనే పాదిరి 1842 జులై 31న గుంటూరు చేరుకోవడంతో అది మొదలైంది.

వాళ్ల దీన్ వాళ్లది, మన దీన్ మనది. మనం చూస్తున్నది అఖీదా గురించి కాదు. పల్లెల్లో, చిన్న పట్నాల్లో, చేతిలో పెద్దగా డబ్బు లేని తెలుగు జనం మధ్య ఒక సంఘం ఎట్లా నడుస్తుంది, రోగం వచ్చినప్పుడు ఎవరు ఏ పని చేస్తారు అన్నదే మన విషయం. ఆ విషయంలో వాళ్ల పరిస్థితి మన పరిస్థితికి చాలా దగ్గర.

పారిపోవాలా, ఉండాలా?

లూథరన్ సంఘాలకు ఆ పేరు వచ్చింది జర్మనీ మతాచార్యుడు మార్టిన్ లూథర్ నుంచి. 1527 ఆగస్టులో ఆయన ఉండే విట్టెన్‌బర్గ్ పట్నంలో ప్లేగు వచ్చింది. యూనివర్సిటీని జెనాకు తరలించారు. ఆయన్నీ వెళ్లిపొమ్మన్నారు. ఆయన పోలేదు. గర్భవతి అయిన భార్యతో అక్కడే ఉండి ఇంట్లోనే రోగులను చూసుకున్నాడు. బ్రెస్లౌ పట్నం పాదిరి యోహాన్ హెస్ ‘ప్లేగు నుంచి పారిపోవచ్చా?’ అని అడిగితే, అదే ఏడాది ఒక ఉత్తరం రూపంలో జవాబు అచ్చు వేయించాడు.

ఆ జవాబు సారం ఇది. ఎవరి మీద ఇతరుల బాధ్యత ఉందో, అంటే పాదిరి, అధికారి, వైద్యుడు, దిక్కులేని రోగికి పొరుగువాడు, వాళ్లు వదిలి పోకూడదు. ఆ బాధ్యత లేనోళ్లు ప్రాణం కాపాడుకోవడానికి పోతే తప్పు కాదు. మందు వాడాలి, ఇంటికి పొగ పెట్టాలి, అవసరం లేని చోటికి పోవద్దు. దేవుడే కాపాడతాడని జాగ్రత్త మానేసేవాడు దేవుణ్ణి పరీక్షించినట్టే. నిర్లక్ష్యంతో ఇంకొకరికి అంటిస్తే ఆ ప్రాణానికి అతడే జవాబుదారీ.

ఈ మాటలు మనకు కొత్తగా అనిపిస్తాయా? ప్లేగు ఉన్న ఊరికి పోవద్దు, మీరున్న ఊర్లో వస్తే అక్కడి నుంచి పారిపోవద్దు అన్నది మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధన. లూథర్‌కు సుమారు తొమ్మిది వందల ఏళ్ల ముందు, హిజ్రీ 18 ప్రాంతంలో షామ్ దేశంలో అమ్వాస్ ప్లేగు చెలరేగింది. అటు ప్రయాణమైన హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోట ఆగి ముహాజిర్లను, అన్సార్లను, ఖురైష్ పెద్దలను సలహా అడిగారు. వెనక్కి తిరగాలని నిర్ణయించారు. ‘అల్లాహ్ రాసిన తఖ్దీర్ నుంచి పారిపోతున్నారా?’ అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, అల్లాహ్ తఖ్దీర్ నుంచి అల్లాహ్ తఖ్దీర్ వైపే పోతున్నామన్న అర్థంలో జవాబిచ్చారు. సేనాపతి అయిన అబూ ఉబైదా మాత్రం తన మనుషులను వదలకుండా అక్కడే ఉన్నారు. ఆ ప్లేగులోనే కన్నుమూశారు.

రెండు చోట్లా ఒకటే కనిపిస్తుంది. జాగ్రత్త వేరు, బాధ్యత వేరు కాదు. గుంపు చేరకుండా ఉండటం దీన్‌లో భాగమే, దిక్కులేనోణ్ని వదిలేయకుండా ఉండటమూ దీన్‌లో భాగమే. 2020లో మనం మొదటిది నేర్చుకున్నాం. రెండో దాంట్లో ఎంత చేశామన్నదే లెక్క చూసుకోవాలి.

చూసేటోళ్లు, చేసేటోళ్లు

2020 మార్చి చివర దేశమంతా లాక్‌డౌన్ పడ్డప్పుడు క్రైస్తవుల పండుగకూ దెబ్బ తగిలింది. ఏప్రిల్ 12న ఈస్టర్ ఖాళీ చర్చిల్లో జరిగింది. రెండు వారాలకు మన రంజాన్ మొదలైంది. జూన్ 8 దాకా ప్రార్థనా స్థలాలు తెరుచుకోలేదు. పాదిరీలు ఫోన్‌లో, యూట్యూబ్‌లో ప్రసంగాలు చెప్పారు. మన ఉలమా బయాన్లు వాట్సాప్‌లో తిరిగాయి.

అయితే ఫోన్‌లో జరగనివి కూడా ఉన్నాయి. లూథరన్లకు ప్రభు రాత్రి భోజనం అంటే రొట్టె, ద్రాక్షరసం చేతికి అందాల్సిందే. స్క్రీన్ మీద దాన్ని జరపొచ్చా అని ప్రపంచమంతా లూథరన్ సంఘాల్లో చర్చ నడిచింది. మనకూ ఫోన్ వెనక నిలబడి జుమా కాదు. ఇంట్లో జుహర్ చదువుకున్నాం. గట్టి వాన, చలి ఉన్న రోజుల్లో ఇండ్లలోనే నమాజ్ చదవండని అజాన్‌లో చెప్పించిన సున్నత్ మనకు అప్పుడే బాగా అర్థమైంది.

అసలు చిక్కు వేరే ఉంది. స్క్రీన్ మీద జరిగే ప్రార్థనలో మనిషి చూసేటోడిగా మిగిలిపోతాడు. బయాన్ విని, ఫార్వర్డ్ కొట్టి, పని అయిపోయింది అనుకుంటాడు. మరి ఖాళీగా ఉన్న చేతులకు పని ఎవరివ్వాలి?

ఇక్కడ లూథరన్ సంఘాల పాత అలవాటు ఒకటి గమనించాలి. అక్కడ పాదిరి ఒక్కడే సంఘం కాదు. పెద్దలు ఉంటారు, యువకుల బృందం ఉంటుంది, స్త్రీల సమాజం ఉంటుంది. ఇండ్లకు పోయి ఆడోళ్లను పలకరించే ‘బైబిల్ స్త్రీలు’ మిషన్ రోజుల నుంచీ ఉన్నారు. ఎవరింట్లో జ్వరం, ఎవరింట్లో కాన్పు, ఎవరి పొయ్యి వెలగలేదు అన్న సంగతి ఈ ఆడోళ్ల ద్వారానే తెలిసేది.

ఈ కథలో ముస్లిం ఇండ్లు కూడా ఉన్నాయి. అనా సారా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది. డాక్టరుగా పనిచేయడానికి మిషన్ వెంటనే ఒప్పుకోలేదు. మొదట్లో ఆమెకిచ్చిన పని ముస్లిం జనానాలకు పోవడం, ఆడపిల్లల బడి చూసుకోవడం. పర్దా వెనక ఉన్న రోగాలను ఆమె ఆ ఇండ్లలో కళ్లారా చూసింది. 1885 చివర ఆమెను మెడికల్ మిషనరీగా నియమించారు. 1898లో గుంటూరులో ఆడోళ్ల కోసం ఆస్పత్రి తెరిచారు. ఈరోజుకీ దాన్ని కుగ్లర్ ఆస్పత్రి అనే అంటారు. అంత పెద్ద పని ఇంటి గడప దగ్గర పలకరింపుతోనే మొదలైంది.

అట్లని వాళ్లది అంతా బాగుందనుకోవద్దు. పదవుల తగాదాలు, ఆస్తుల మీద కోర్టు కేసులు ఆ సంఘాన్నీ ఏళ్ల తరబడి పీడిస్తున్నాయి. మసీదు కమిటీ గొడవలు తెలిసిన మనకు దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు. పై కుర్చీల కోసం కొట్లాడుకునే సంఘంలో కూడా కింద గడప గడపకూ తిరిగే మనుషులుంటే జనం నిలబడతారు. ఆ మనుషులే లేకపోతే రోగం వచ్చిన నాడు ఎవరికి వారే అయిపోతారు.

మన దగ్గర ఏం జరిగింది

మన ప్రాంతానికి ఈ కరోనా కథ చాలా ముందే తెలిసింది. 2020 మార్చిలో రామగుండం మీదుగా కరీంనగర్ వచ్చిన ఇండోనేషియా బృందానికి పాజిటివ్ తేలింది. గల్లీలు మూసి ఇంటింటి సర్వే చేశారు. ఆ తర్వాత నిజాముద్దీన్ మర్కజ్ వార్త. టీవీలు ఒక రోగాన్ని ఒక మతానికి అంటగట్టాయి. కూరగాయల బండి దగ్గర పేరు అడిగిన రోజులు మనం మరిచిపోలేదు. విదేశీ తబ్లీగీలను బలిపశువులను చేశారని 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ చెప్పింది, కేసులు కొట్టేసింది. కానీ ఆ భయం మాత్రం మన ఇండ్లలో మిగిలింది. జ్వరం వస్తే చెప్పకుండా దాచుకోవడం, టెస్టుకు పోకపోవడం ఆ భయం ఫలితమే. దాచుకున్న జ్వరం ఆలస్యంగా దవాఖానకు చేరుతుంది.

ఖననం గురించీ అట్లాంటి భయమే. 2020 మార్చి 30న ముంబై కార్పొరేషన్ కరోనా మృతులందర్నీ దహనం చేయాలని ఆదేశం ఇచ్చి, అదే రోజు వెనక్కి తీసుకుంది. అప్పటి కేంద్రం నిబంధనల ప్రకారం ఖననానికి అడ్డు లేకుండింది. శవాన్ని ముట్టుకోకుండా ప్రార్థన చదవనిచ్చారు. గుస్ల్ విషయంలో ఆంక్షలుండేవి. ఈ సంగతి అందరికంటే ముందు తెలియాల్సి ఉండింది మసీదు కమిటీకి. తెలిసిన చోట మన పిల్లలు పీపీఈ కిట్లు వేసుకుని మనోళ్లకే కాదు, అయినోళ్లే దగ్గరికి రాని హిందూ సోదరులకు కూడా చివరి మర్యాద చేశారు. తెలియని చోట ఇంటోళ్లు దవాఖాన గేటు దగ్గర ఏడ్చుకుంటూ నిలబడ్డారు.

డబ్బు సంగతి కూడా చూడాలి. ఆదివారం కానుక ఆగిపోతే పాదిరి ఇంట్లో పొయ్యి ఆగినట్టే. జుమా చందా ఆగిపోతే ఇమామ్ సాబ్, మౌజన్ సాబ్ సంగతీ అంతే. 2021లో మన రాష్ట్రంలో వక్ఫ్ బోర్డు ద్వారా నెలకు 5 వేల గౌరవ వేతనం ఉండేది, కానీ ఒక కుటుంబం దానితోనే గడవదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మేలో అర్చకులు, ఇమామ్‌లు, మౌజన్‌లు, పాస్టర్లకు ఒక్కసారికి 5 వేలు ఇచ్చారు. అందరి ఇబ్బందీ ఒకటేనని ప్రభుత్వానికి కూడా తెలిసిందన్నమాట.

ఇప్పుడు చేయాల్సినవి

వెల్గటూర్, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మసీదుల్లో కొత్తగా సంస్థ ఏదీ పెట్టక్కర్లేదు. తలుపు తెరిచి ఉన్న ఈ రోజుల్లోనే నాలుగు పనులు చేస్తే చాలు.

మొదటిది, ఒక రిజిస్టర్. మహల్లాలో ఒంటరి ముసలోళ్లు ఎవరు, షుగర్, బీపీ ఎవరికి, గల్ఫ్ పోయినోళ్ల భార్యాపిల్లలు ఎవరు, బీడీల పని మీద బతికే ఇండ్లు ఏవి, సిరిసిల్లలో సాంచాలు ఆగితే పస్తులుండే ఇండ్లు ఏవి, రాసి పెట్టాలి. ఫోన్ నంబరుతో సహా. ఈ రిజిస్టర్ కమిటీ దగ్గరే భద్రంగా ఉండాలి, వాట్సాప్‌లో తిరగకూడదు. పేదరికం పదిమందికి చూపించేది కాదు.

రెండోది, ఫోన్ బాధ్యత. ఒక్కో నౌజవాన్‌కు పది ఇండ్లు. వారానికి రెండుసార్లు పలకరించాలి. డిగ్రీ చదివే మన పిల్లలు ఖాళీగా పబ్జీ ఆడుతున్నారని తిట్టే బదులు ఈ పని అప్పజెప్పండి. టీకాల రోజుల్లో స్మార్ట్‌ఫోన్ లేనోళ్ల పేర్లు కోవిన్‌లో ఎక్కించడం కూడా ఇట్లాంటి పనే. 2021 జూన్ 21 నుంచి 18 ఏళ్లు నిండిన అందరికీ టీకా ఉచితంగా ఇచ్చారు. టీకా మీద వచ్చే పుకార్లకు జుమా ఖుత్బాకు ముందు ఇమామ్ సాబ్ రెండు నిమిషాల్లో జవాబు చెప్తే, ఆశా అక్క పది ఇండ్లు తిరిగిన దానికంటే ఎక్కువ పని జరుగుతుంది.

మూడోది, జనాజా బృందం. నిబంధనలు తెలిసిన నలుగురైదుగురు, టీకా వేసుకున్నోళ్లు, కిట్లు సిద్ధంగా పెట్టుకుని ఉండాలి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ఆడోళ్లు లేకుండా ఈ రిజిస్టర్ నిండదు. ఏ ఇంట్లో బియ్యం అయిపోయాయో సదర్ సాబ్‌కు తెలియదు, బీడీలు చుట్టేటప్పుడు పక్కన కూర్చునే ఖాలాకు తెలుసు. కమిటీ కాగితం మీద ఆడోళ్ల పేర్లు లేకపోయినా, ఈ పనిలో వాళ్ల మాటకు చోటుండాలి. గుంటూరులో 1880ల్లోనే ఈ సంగతి తేలిపోయింది.

ప్రతి ఏడూ బక్రీద్ వస్తుంది. ఖుర్బానీ మాంసం పంచే ఇండ్ల లిస్టు ప్రతి గల్లీలోనూ ఎట్లాగూ మనసులో ఉంటుంది. ఈసారి దాన్ని కాగితం మీద పెట్టండి. రిజిస్టర్ అక్కడి నుంచే మొదలవుతుంది. మళ్లీ ఎప్పుడైనా తలుపులు మూయాల్సి వస్తే, ఆ రోజు పొద్దున ఒక పిల్లోడు ఫోన్ చేసి, “అస్సలాము అలైకుం ఖాలా, గోలీలు ఉన్నయా, అయిపోయినయా?” అని అడగాలి. “బీపీవి ఉన్నయి బేటా, షుగర్‌వే అయిపోయినయి” అని ఆమె చెప్తే, మధ్యాహ్నంలోపు గోలీలు ఆమె ఇంటికి చేరాలి. ఆ రోజు మసీదుకు తాళం ఉన్నా జమాఅత్ మాత్రం తెరిచే ఉన్నట్టు.