పళ్లెంలో లోటు మాత్రతో తీరేనా?

మండవల్లి, కైకలూరు వైపు నుంచి ఓపీకి వచ్చేవారిలో కొందరి చేతిసంచిలో పాత చీటీలతో పాటు రెండు మూడు సీసాలూ ఉంటాయి. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో పంపిన విటమిన్ మాత్రలు, ‘యాంటీ ఆక్సిడెంట్’ అని రాసిన క్యాప్సూళ్లు. ‘ఇవి వేసుకుంటే క్యాన్సర్ రాదటగా డాక్టరుగారూ?’ అని అడుగుతారు. ఇంట్లో ఒకరిని ఆ జబ్బుకు పోగొట్టుకున్నవాళ్లయితే మరీ ఆత్రంగా అడుగుతారు. ఆ భయం అర్థం చేసుకోదగిందే. కానీ జవాబు చెప్పాలంటే రెండు పరిశోధనల సంగతి చెప్పాలి. మొదటిది మన రాష్ట్రంలో జరిగిందే.

శ్రీకాకుళం తీర గ్రామాల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చుట్ట నిప్పుకొనను నోట్లో పెట్టుకుని కాల్చే ‘అడ్డపొగ’ అలవాటు ఉంది. ఆ వేడికీ పొగకూ అంగిలి మీద మచ్చలు, పుండ్లు ఏర్పడతాయి. వాటిలో కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన డాక్టర్ కమలా కృష్ణస్వామి బృందం ఇలాంటివారిని దాదాపు 300 మందిని ఎంచుకుంది. సగం మందికి ఏడాది పాటు విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియం ఇచ్చారు. మిగతా సగానికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. 1995లో ఫలితాలు వెలువడ్డాయి. పోషకాలు అందినవారిలో 57 శాతం మందికి మచ్చలు తగ్గాయి. ఉత్తుత్తి మాత్రలు మింగినవారిలో 8 శాతం మందికే తగ్గాయి.

ఇది చదివితే మాత్రలదే గెలుపనిపిస్తుంది. ఇక రెండోది చూడండి. ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేల మందికి పైగా మగవారి మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. కొందరికి ఏళ్ల తరబడి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చారు. క్యారెట్‌కు ఆ రంగు తెచ్చే పదార్థమే ఇది. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని వారి ఆశ. కానీ మాత్రలు వేసుకున్నవారిలోనే అది 18 శాతం ఎక్కువగా కనిపించిందని 1994లో తేలింది. అమెరికాలోనూ ఇలాంటి అధ్యయనంలో హాని బయటపడటంతో 1996లో మధ్యలోనే ఆపేశారు.

ఒకచోట మేలు, ఇంకోచోట కీడు ఎందుకు? శ్రీకాకుళం పల్లెల్లో పేదల తిండిలో ఆ పోషకాలే కరవు. లోటు పూడేసరికి ఒంటికి బలం చిక్కింది. ఫిన్లాండ్‌లో ఇచ్చింది మామూలు తిండిలో దొరికేదానికి ఎన్నో రెట్ల మోతాదు. క్యారెట్‌లో, మునగాకులో అదే పదార్థం కొద్దికొద్దిగా, పీచుతోనూ మరెన్నో పోషకాలతోనూ కలిసి వస్తుంది. విడదీసి గుప్పెడు మింగితే అది చేసే పని వేరు.

కాబట్టి లోటు ఉందని పరీక్షలో తేలితే మాత్ర మందే. బి12 తక్కువైనా, గర్భిణికి రక్తహీనత ఉన్నా తప్పక వేసుకోవాలి. లోటు లేనివారు క్యాన్సర్ భయంతో మింగితే డబ్బు దండగ. పొగతాగేవారు బీటా కెరోటిన్ మాత్రల జోలికి అసలు పోకూడదు.

మరి మధ్యతరగతి ఇంట్లో అసలు లోటు ఎక్కడుంది? కంచం నిండా తెల్లన్నం, పక్కన ఆవకాయ, వేపుడు, ఓ మూలన రెండు చెంచాల కూర. లోటు అక్కడుంది. మనం తినేదాంట్లో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పీచు ఎక్కువగా తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది. తోటకూర, గోంగూర, బచ్చలి, జామకాయ మన సంతలోనే దొరుకుతాయి. కొల్లేటి చెరువుల శీలావతి, బొచ్చె మంచి మాంసకృత్తులు. నూనెలో మాడ్చకుండా పులుసు పెట్టుకుంటే చాలు. ఉప్పుచేప, ఊరగాయ నంజుకోవడానికే పరిమితం కావాలి. ఉప్పులో నిల్వ చేసినవి అతిగా తింటే కడుపు క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. బూజు పట్టిన వేరుశనగ గుళ్లను ఏరి వాడుకోవద్దు, పారేయండి. ఆ బూజు విషం కాలేయానికి చేటు. సాసేజ్‌లు, సలామీల వంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లోనే క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. బొజ్జ పెరగకుండా చూసుకోవడమూ నివారణలో భాగమే.

ఇంతకీ నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రల ఖర్చు కాదు, అవి ఇచ్చే దొంగ ధైర్యం. ‘విటమిన్లు వేసుకుంటున్నాగా’ అనుకుంటూ ఖైనీ మానకుండా, బుగ్గ లోపలి తెల్లమచ్చను నెలల తరబడి దాచుకుని వచ్చినవారిని చూశాను. ముందే వస్తే చిన్న చికిత్సతో పోయేది, ఆలస్యమయ్యేసరికి దవడదాకా పాకుతుంది. పొగాకు, మద్యం చేసే చెరుపును ఏ పోషకమూ చెరిపేయలేదు. మందు తాగేవారు గుర్తుంచుకోవాలి: దీనికి ఇంత వరకైతే ఫర్వాలేదు అనే హద్దు లేదు.

నోట్లో పుండుగానీ మచ్చగానీ రెండు వారాలు దాటినా మానకపోతే వెంటనే చూపించుకోండి. 30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. విదేశాల్లోని పిల్లలకు ఈసారి ఫోన్‌లో ఒక్క మాట చెప్పండి: ‘సీసాలు పంపొద్దు నాన్నా, నాన్నగారిని చుట్ట మానమని నువ్వూ ఓ మాట చెప్పు’. ఆ మాట పనిచేస్తే దానికి మించిన మందు లేదు.