వరద తగ్గాక మిగిలిన ముంపు

 నున్న ఊరి నుంచి బెజవాడలోకి దిగే దారి పాయకాపురం, సింగ్‌నగర్‌ మీదుగానే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి మునిగినవి ఈ పేటలే. అప్పుడే కృష్ణా నది మీది ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద చూసి అందరం ప్రకృతి వైపరీత్యం అన్నాం. అది సగం నిజమే. పూడుకుపోయిన మురుగుకాలువ, గడప కంటే ఎత్తుకు లేచిన రోడ్డు, నీళ్లకు అందేంత కిందున్న కరెంటు మీటరు ఏ వరదా రాని ఏడాదిలో కూడా పేదవాడి ఇంటిని కొంచెం కొంచెంగా ముంచుతూనే ఉంటాయి. ఆ ముంపు ఏ లెక్కలోకీ ఎక్కదు. ఏటి దారిలో ఇల్లెవరు కట్టుకోమన్నారని అడిగేవాళ్లున్నారు. అద్దె తక్కువున్నచోటికి కూలివాడు వస్తాడు, ఇంకెక్కడికి పోతాడు? పైగా అక్కడ పన్ను కట్టించుకున్నదీ, కరెంటిచ్చిందీ, ఓటు అడిగిందీ వ్యవస్థే కదా. ఆ 2024 వరదను తెచ్చిన వానకే బెజవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్లమీద పడి ప్రాణాలు తీశాయి. కొండవాలు ఎక్కినవాళ్లూ చోటు దొరక్కే ఎక్కారు. సాయం అందలేదా అంటే, మునిగిన కింది అంతస్తు ఇంటికి 25 వేల రూపాయలు ప్రకటించారు, మంచిదే. కానీ ఆ డబ్బు పోయిన సామాను కోసం, రాబోయే నీటికి అడ్డు కాదు. వచ్చే వానాకాలం లోపు కాలువల పూడిక తీయమని, వార్డు సచివాలయం గోడమీద ఆనాటి నీటిమట్టం గీత గీయమని అడగండి.