డబ్ల్యూడబ్ల్యూఈ: గచ్చిబౌలిలో ఓడారు.. ఇప్పుడు జాబ్‌లూ పోయాయి!

ఇండియన్ ఫ్యాన్స్‌కు డబ్ల్యూడబ్ల్యూఈ షాకిచ్చింది. జిందర్ మహల్, వీర్ మహాన్, సంగాలను ఒకేసారి వదిలేసింది. కానీ ఈ కథ ఎటు పోతోందో హైదరాబాద్ షోలోనే కనిపించింది.

2023 సెప్టెంబర్ 8. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ‘సూపర్‌స్టార్ స్పెక్టాకిల్’. జాన్ సీనా ఎంట్రీకే స్టేడియం హోరెత్తిపోయింది. సేథ్ రోలిన్స్‌తో కలిసి ఇంపీరియం జోడీని ఓడించాడు. టికెట్ డబ్బులు అక్కడే వసూలు! రియా రిప్లీ కూడా నటాలియాపై గెలిచింది.

మరి మనోళ్లు? ఏడడుగుల షాంకీని గుంథర్ ఓడించాడు. గుంథర్ చాంపియన్.. ఇలాంటి టూర్ షోలలో బెల్టులు చేతులు మారడం అరుదు కాబట్టి సర్లే అనుకోవచ్చు. వీర్, సంగా సంగతేంటి? వాళ్లపై గెలిచిన సామీ జేన్, కెవిన్ ఓవెన్స్ అప్పటికి ట్యాగ్ టైటిల్స్ పోగొట్టుకుని వారం కూడా కాలేదు. రెజ్లింగ్‌లో రిజల్ట్ ముందే రాసుకుంటారుగా.. బెల్టే లేని మ్యాచ్‌లో, అదీ సొంతగడ్డపై, గెలిపిస్తే పోయేదేముంది?

ఆ షో అయిన రెండు వారాలకే షాంకీని పంపించేశారు. ఇప్పుడు మిగతావాళ్ల వంతు.

2017 డిసెంబర్‌లో ఢిల్లీలోనూ ఇదే సీన్. నెల కిందటి దాకా చాంపియన్‌గా ఉన్న జిందర్‌ను ట్రిపుల్ హెచ్ ఓడించాడు. ఇప్పుడు కంపెనీలో కథల పగ్గాలు ఆ ట్రిపుల్ హెచ్ చేతిలోనే ఉన్నాయి.